బొమ్మల కొలువులో వ్యష్టి, సమష్టి



ఆత్మవిచారము వయసు మీరినవారి పని అనియు, బాలురకు ఆటపాటలే చాలుననియు ఒక అభిప్రాయము ఆస్తికుల ఇండ్లలో గూడ స్థిరపడియున్నది. "నేనెవరు? నాకును నా చుట్టునున్నవారికిని గల సంబంధమేమి?" అను రెండు ప్రశ్నలు మాత్రము వయసు చూచి రావు. మాటలు వచ్చిన మరుసటి సంవత్సరముననే శిశువు "ఇది నాది" అనును. పిమ్మట "వాడు మనవాడు కాడు" అని ఎవరో నేర్పగా నేర్చును. మొదటి మాటలో అహంకారము, రెండవ మాటలో సమాజము ఉన్నవి. ఆ రెండు మాటలు ముదిరి పాకానబడకముందే బాలుని చేతికి ఏమి అందించవలెనన్నదే పెద్దల ముందున్న ప్రశ్న.

చేతితో నేర్పిన శ్రుతి

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో శ్వేతకేతువు 12 సంవత్సరములు వేదాధ్యయనము చేసి, 24వ యేట ఇంటికి తిరిగివచ్చెను. చదువుతోబాటు గర్వమును తెచ్చుకొనెను. తండ్రియైన ఉద్దాలకుడు అతనికి మరియొక గ్రంథము చదివింపలేదు. మఱ్ఱిపండు తెమ్మనెను, చీల్చుమనెను, గింజను గూడ పగులగొట్టుమని ఏమి కనబడుచున్నదో చెప్పుమనెను. ఉప్పును నీటిలో వేయించి, మరునాడు ఆ ఉప్పును తీసి ఇమ్మనెను. దొరకనప్పుడు పైనుండి, నడుమనుండి, అడుగునుండి నీటిని రుచి చూడుమనెను. మంటి ముద్ద ఒక్కటి తెలిసినచో మంటితో చేసినవన్నియు తెలిసినట్లేనని బోధించెను. 12 ఏండ్ల పఠనము ఇయ్యలేనిదానిని ఒక పండు, ఒక ఉప్పుకల్లు, ఒక మంటి ముద్ద ఇచ్చినవి.

వేదపాఠశాలలలో నేటికిని ఈ జాడ కలదు. ఎనిమిదేండ్ల వటువునకు ఉదాత్తానుదాత్తస్వరితములు లక్షణగ్రంథముతో ఆరంభము కావు. గురువు శిష్యుని తలపై చేయి వేసి, స్వరమునకు తగినట్లు వంచి, లేపి నేర్పును. స్వరము ముందు దేహమునకు తెలియును, బుద్ధికి తరువాత తెలియును.

మూడు దినముల ప్రదర్శనశాల

పాశ్చాత్యదేశములలో బాలుర కొరకు ప్రత్యేకముగా ప్రదర్శనశాల అను ఆలోచన 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో రూపుదాల్చెను. అద్దాల వెనుక వస్తువులనుంచి "ముట్టరాదు" అని వ్రాయుట మాని, పిల్లలు ముట్టి, త్రిప్పి చూచి నేర్వవలెనన్న భావము అచ్చటినుండి లోకమున వ్యాపించెను. నేడు పెద్ద నగరములలోని కళాప్రదర్శనశాలలు "నేను, నా సమాజము" వంటి విషయముల మీద బాలుర చేత చిత్రములు గీయించి, బొమ్మలు చేయించి ప్రదర్శనలు నడుపుచున్నవి. ఇది ప్రశంసనీయమైన యత్నము.

కోనసీమలో అట్టి భవనము లేదు. గౌతమీ వసిష్ఠల నడుమ, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల ఇండ్లలో మాత్రము ప్రతి సంవత్సరము భోగినాడు ఒక ప్రదర్శనశాల తెరువబడి, కనుమ దాటగానే మూయబడుచుండును. అదియే బొమ్మల కొలువు. కొందరు దసరా నవరాత్రులలోను, కొందరు సంక్రాంతికిని పెట్టుదురు. నిర్వాహకులు పిల్లలు, దర్శకులు ఇరుగుపొరుగు. రుసుము లేదు. వచ్చినవారికే తాంబూలము, నానబెట్టిన సెనగలు ఇచ్చి పంపుదురు.

దాని కట్టుబాటు చూడదగినది. పీటలు, పెట్టెలు, బల్లలు పేర్చి మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో బేసి సంఖ్యలో మెట్లు కట్టి, పైన ఉతికిన తెల్లని పంచె పరతురు. అడుగు మెట్టున శంఖములు, గవ్వలు, చేపలు, తాబేళ్లు నిలుచును. ఆపైన పక్షులు, పశువులు వచ్చును. నడిమి మెట్లపై మనుష్యలోకము నిండియుండును. పప్పులు, బియ్యము ముందు పోసికొని కూర్చున్న శెట్టియు శెట్టెమ్మయు, ఎడ్లబండి తోలువాడు, కుండలు చేయువాడు, నీళ్ల బిందె ఎత్తుకొన్న స్త్రీ, పెండ్లి పల్లకి, మేళము అందులో ఉందురు. వారి పైన ఋషులు, ఆచార్యులు, భక్తులు. అన్నిటికంటె పైన దశావతారములు, శివకుటుంబము, అమ్మవారు. మెట్ల ముందు నేలపై పిల్లలు తమ ఊరు కట్టుదురు. ఇసుక పోసి గట్టు చేయుదురు. పళ్లెములో నీరు పోసి చెరువనుదురు. వారము ముందుగా చల్లిన ఆవాలు, వడ్లు మొలకెత్తగా వానిని వరిచేలందురు. కోనసీమ పిల్లవాడైనచో ఆ చేల నడుమ కాలువ తప్పక త్రవ్వును, కాలువపై ఒక వంతెన వేయును.

వేదాంతమున వ్యష్టి, సమష్టి అను రెండు పదములు కలవు. విడివిడిగా చూచిన వ్యష్టి, కలిపి చూచిన సమష్టి. సదానందయోగి వేదాంతసారమున చెట్లకును వనమునకును గల సంబంధముతో దీనిని వివరించెను. చెట్టును చూచునపుడు వనము కనబడదు. వనమని చూచినపుడు చెట్టు ఎచ్చటికిని పోలేదు. పది కొబ్బరిచెట్లను వేరువేరుగా లెక్కించి, పిమ్మట "తోట" అను కోనసీమవాసికి ఈ దృష్టాంతము సులభముగా బోధపడును. కొలువు ముందు కూర్చున్న బాలిక ఒక్కొక్క బొమ్మను చేతబట్టి చోటు వెదకునపుడు వ్యష్టిని తెలిసికొనుచున్నది. నాలుగడుగులు వెనుకకు వేసి కొలువునంతటిని చూచి "ఇక్కడ వెలితిగా ఉంది" అన్నపుడు సమష్టిని తెలిసికొనుచున్నది. పేర్లు తెలియకున్నను అనుభవము ఆమెదే.

బొమ్మ దేనితో అయినది?

కొలువునకు సంవత్సరమునకు ఒక్క క్రొత్త బొమ్మనైనను చేర్చవలెనని ఆచారము. ఆ బొమ్మ ఎచ్చటినుండి వచ్చెనో పిల్లలకు చెప్పువారు తక్కువ. చెప్పినచో అదియు ఒక పాఠమగును.

అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక అను గ్రామము కలదు. అచ్చటివారు అంకుడుకఱ్ఱను తిరుగుడుయంత్రముపై తిప్పుచు, లక్కను అద్ది రంగులు పట్టింతురు. మరుగున పడుచున్న ప్రకృతిసిద్ధమైన రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చినందుకు చింతలపాటి వెంకటపతిరాజు గారికి 2023లో పద్మశ్రీ లభించెను. విజయవాడ చేరువనున్న కొండపల్లిలో బొమ్మలకు తెల్లపొణికి కఱ్ఱ ఆధారము. కాలు, చేయి, తల వేరువేరుగా చెక్కి, రంపపుపొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కుతో అదికి, ఆరబెట్టి, రంగులు వేయుదురు. రాజుబొమ్మకును, బండివాని బొమ్మకును అదే కఱ్ఱ, అదే మక్కు. చీలిన చోట చూచినచో లోపల ఇరువురును ఒక్కటే తెలుపు.

ఉద్దాలకుడు మంటితో చెప్పినది ఇదియే. నామరూపములు వ్యవహారమునకు కావలెను. అవి లేనిదే కొలువు లేదు, లోకము లేదు. అయినను నామరూపములే సత్యమనుకొన్నవాడు రంగును చూచి కఱ్ఱను మరచినవాడు. మెట్లు జీవుని ఆరోహణక్రమమునకు గుర్తులు. జడప్రాయమైన స్థితినుండి ప్రాణము, ప్రాణమునుండి మనస్సు, మనస్సునుండి వివేకము, వివేకమునుండి ఈశ్వరభావము అని అవి పైకి పోవుచున్నవి. ఒకని పుట్టుకపై మరియొకని పుట్టుకను నిలుపుటకు కట్టిన మెట్లు కావు. నడిమి మెట్లపై మనుష్యులందరును పక్కపక్కన నిలిచియుందురు. ఈ సంగతి పెద్దలు చెప్పకున్నను బొమ్మలు చూపుచునే యున్నవి.

ఒక ప్రశ్న

అమలాపురమునకు చేరువనున్న ఒక గ్రామమున, దేవాలయవీథిలోని ఒక ఇంట కొన్నేండ్ల క్రిందట జరిగిన సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. ఆ ఇంటి కొలువులో కొండపల్లి బొమ్మయొకటి కలదు. తాటిచెట్టును సగము ఎక్కి, నడుమునకు మోకు వేసికొని, కుండ తగిలించుకొనియున్న మనిషి బొమ్మ. మోకు స్థానమున కట్టిన దారము ఏనాడో ఊడిపోగా, మనిషి చెట్టునకు కొంచెము ఒరిగి నిలిచియుండెను. తొమ్మిదేండ్ల మనుమరాలు ఆ బొమ్మను నాలుగవ మెట్టుపై పెట్టి, పేరంటమునకు పిలువవలసినవారి పేర్లు లెక్కించుచున్న మామ్మను అడిగెను.

"మామ్మా, చెట్టెక్కే ఆయన్ని మెట్టు మీద కూచోబెట్టాం కదా. మరి మన తోటలో దింపు తీసే ఆయన కూతురు నా క్లాసే. దాన్ని పేరంటానికి పిలవవేం?"

మామ్మ వెంటనే బదులియ్యలేదు. "నలుగురూ వచ్చేవేళ ఎందుకే తల్లీ, సెనగలు విడిగా పంపిద్దాంలే" అనెను.

"బొమ్మకైతే హారతిస్తాం, మనిషికైతే విడిగా పంపిస్తామా?" అని ఆ పిల్ల మరల అడిగెను. అది ఎదిరించు గొంతు కాదు. తెలియక అడిగిన ప్రశ్న.

ఆ రాత్రి ఆ ఇంట ఈ మాటపై చాలసేపు తర్జనభర్జన జరిగెను. ఎవరేమందురో యను బెరుకు పెద్దలందరిలోను ఉండెను. శాస్త్రము ఏమనునో యను ప్రశ్న వచ్చినపుడు, ఇంటి పెద్ద ఒక్క మాట మాత్రము అనెను. "గీతలో అయిదో అధ్యాయంలో సమదర్శనం గురించి ప్రతిరోజూ పారాయణ చేస్తున్నాం. అది ఎవరి కోసం చెప్పారనుకుంటున్నాం?" మరునాడు ఉదయము మామ్మయే స్వయముగా వీథి చివరికి పోయి, ఆ పిల్ల తల్లిని బొట్టుపెట్టి పిలిచి వచ్చెను. పేరంటమునకు నిత్యము వచ్చు ఇరువురు ఆ సాయంకాలము రాలేదు. ఆ కారణము చేతనే రాలేదో, వేరు పని పడెనో ఎవరును అడుగలేదు.

వచ్చిన బాలిక తొలుత గడప దగ్గరనే ఆగెను. లోనికి రమ్మన్న పిమ్మట కొలువును చాలసేపు కన్నార్పక చూచెను. తరువాత చెట్టెక్కు మనిషిని చేతిలోనికి తీసికొని, "మోకు ఊడిపోయింది. ఇలా ఉంటే పడిపోడూ?" అని దారపుముక్క అడిగెను. చెట్టు వెనుకనుండి త్రిప్పి నడుమునకు బిగించి, కాళ్ల నడుమ చిన్న బంధము గూడ కట్టి నిలిపెను. బొమ్మ ఒరుగుట మానెను. "మా నాన్న కాళ్లకి ఇది లేకుండా ఎక్కడండి" అని మామ్మతో చెప్పెను.

ఆ ఇంటివారు తరతరములుగా ఆ తోట కొబ్బరితోనే నైవేద్యము పెట్టినవారు. దింపులు రెండు నెలలకొకసారి వారి కండ్ల ముందే జరుగుచుండెను. కాళ్ల బంధమును మాత్రము ఎవరును చూచియుండలేదు. అర్చనకు కొట్టిన ప్రతి కొబ్బరికాయ వెనుక ఒక దేహము ఆ తాటిపై తన బరువును మోపియున్నదని ఆనాడు వారికి తెలిసెను. సమాజమనగా ఏమో చెప్పిన పాఠమిది. చెప్పినది తొమ్మిదేండ్ల పిల్ల, ఉపకరణము అంగుళము దారము.

గన్నవరపు గడప

కోనసీమ ఈ పాఠమును ఎరుగనిది కాదు. వైనతేయతీరమున లంకల గన్నవరములో డొక్కా సీతమ్మ గారు (1841–1909) గృహిణిగానే ఉండి వేళగాని వేళలలో వచ్చిన ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిరి. వచ్చినవాని కులము అడుగుట ఆ ఇంటి ఆచారము కాదు. ఆమె మఠము స్థాపించలేదు, భాష్యము వ్రాయలేదు. అతిథిని దైవముగా చూడవలెనన్న ఉపనిషద్వాక్యమును వంటింటిలో ఆచరించి చూపిరి. నేడు పి.గన్నవరము వద్ద వైనతేయను దాటు అక్విడక్టు ఆమె పేరును మోయుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు పెట్టు మధ్యాహ్నభోజన పథకమునకును 2024లో ఆమె పేరే పెట్టబడెను.

కొలువులో ఋషుల మెట్టుపై ఆమెకు చోటు కల్పించుట సముచితము. బొమ్మ దొరకనిచో పిల్లలే మట్టితో చేయుదురు. ముక్కు వంకరయైనను దోషము లేదు. చేయి మాత్రము విస్తరి వైపు చాచియుండవలెను.

జగ్గన్నతోట

కొలువు ఇంటిలో ముగిసిన దినముననే ఊరిలో ఆరంభమగుట కోనసీమ విశేషము. కనుమనాడు అంబాజీపేట మండలము మొసలపల్లి జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల సమాగమము జరుగును. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, పెదపూడి అను 11 గ్రామముల నుండి రుద్రులు ప్రభలపై బయలుదేరి వత్తురు. ఆ తోటలో గుడి లేదు, గోపురము లేదు. ఉన్నవి కొబ్బరిచెట్లు, వచ్చినవారు దేవతలు. వ్యాఘ్రేశ్వరుడు సభకు అధ్యక్షుడని సంప్రదాయము.

వెదురు కట్టి, రంగుల వస్త్రములు, నూలుదారములు, వరికంకుల కుచ్చులు అలంకరించిన ప్రభలను భుజములపై ఎత్తి, "శరభా! అశ్శరభా!" యని ఘోషించుచు చేల నడుమనుండి మోసికొని వత్తురు. గంగలకుర్రు ప్రభలు కౌశికను దాటవలెను. నీరు రొమ్ముల వరకు వచ్చినను ప్రభ ఒరుగరాదు. నాటిన చేలు కాళ్ల క్రింద నలిగినను రైతు కినియడు, స్వామి తన చేను త్రొక్కెనని సంతసించును. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథముపై ఆంధ్రప్రదేశ్ శకటము ఈ ప్రభలతీర్థమునే చూపెను.

ప్రభను మోయువాని భుజము తన భుజముగా ఉండదు. ఒకడు ఒక అడుగు తొందరపడినచో ప్రభ వాలును, ఒకడు ఆగినచో బరువంతయు పక్కవానిపై పడును. అహంకారము కరగుట యనగా ఏమో గ్రంథము చదివి తెలియని యువకునికి కౌశిక నడుమ తెలియును. ఏ దేవుడును తన గుడిలో కూర్చుండి మిగిలిన పదిమందిని తన కడకు రమ్మనలేదు. అందరును తమ తమ స్థానములను వీడి, ఎవరిదియు కాని తోటకు వచ్చిరి. రుద్రులే గడప దాటి వచ్చుచుండగా మనుష్యుడు తన గడపకు అడ్డుకఱ్ఱ వేయుట ఏపాటి ధర్మమో భక్తులు విచారింపవలెను.

గృహస్థులకు విన్నపము

నేడు కొలువులు తగ్గలేదు. ఖరీదు పెరిగినది, ఎత్తు పెరిగినది, విద్యుద్దీపములు పెరిగినవి. పెద్దలు రాత్రంతయు మేల్కొని సర్ది, ఛాయాచిత్రములు తీసి, పిల్లలను "ముట్టకు, పగిలిపోతుంది" యని దూరముగా నిలుపుచున్నారు. ఢిల్లీలో శంకర్ పిళ్లై గారు 1965లో నెలకొల్పిన బొమ్మల ప్రదర్శనశాలలో దేశదేశముల బొమ్మలు అద్దాల లోపల భద్రముగా ఉన్నవి. భద్రపరచుట ప్రదర్శనశాల ధర్మము. ఇంటికొలువు ధర్మము వేరు. అది పిల్లల చేతిలో నలుగవలెను. పగిలిన మట్టిబొమ్మను చూచి ఏడ్చిన పిల్లకు "రూపం పోయిందమ్మా, మట్టి ఎక్కడికీ పోలేదు" అని చెప్పు అవకాశము మామ్మకు మరల దొరకదు.

కావున రానున్న సంక్రాంతికి ఒక మెట్టునైనను పూర్తిగా పిల్లలకు విడువవలెను. వారు లారీని వినాయకుని పక్కన పెట్టినను సవరింపక, ఎందుకు పెట్టితివని అడుగవలెను. తమ ఊరిలో తమ బ్రతుకునకు ఆధారమైనవారు ఎవరెవరో లెక్కించి, వారి బొమ్మలను మట్టితో చేయుమనవలెను. దింపు తీయువాడు, కాయ వలుచువాడు, కాలువ పూడిక తీయువాడు, వీథి ఊడ్చు తల్లి, ఆస్పత్రి నర్సు, బడిపంతులు ఆ లెక్కలోనికి వత్తురు. పిమ్మట, ఏ బొమ్మకు మెట్టుపై చోటిచ్చిరో ఆ ఇంటి బిడ్డను పేరంటమునకు పిలువవలెను. ఇది లేనిచో పై మెట్లన్నియు అలంకారమాత్రములు.

కనుమ రాత్రి కడపటి హారతి యిచ్చి, ఒక బొమ్మను పరుండబెట్టి, మరునాడు అన్నిటిని పాతబట్టలలో చుట్టి పెట్టెలోనికి చేర్తురు. పైమెట్టు దేవుడును, అడుగుమెట్టు తాబేలును ఆ పెట్టెలో ప్రక్కప్రక్కననే పరుండును. మెట్లు విప్పినపిమ్మట పీట పీటగాను, పెట్టె పెట్టెగాను మిగులును. చుట్టి పెట్టు పనిని గూడ పిల్లలకే అప్పగించుట మేలు. పేర్చుట ఎట్లో తెలిసినవానికి విప్పుట గూడ తెలియవలెను.

స్వస్తి.